అక్క కోసం పథ్యం

జూన్ 3

నేను పనిచేసే స్విమ్మింగ్ పూల్‌కి మందులు సప్లై చేసే కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ పంపు గదిలో కుర్చీ కాలి కింద ఎత్తుకి పెట్టుకున్నాను. ఈరోజు బయటికి తీశాను. ఇప్పుడు కుర్చీ ఊగుతోంది. ఊగితే ఊగనీ, ఎవరికీ చెప్పుకోలేని సంగతులు కొన్ని వచ్చిపడ్డాయి, వాటికి ఒక చోటు కావాలి.

అక్కకి నా కిడ్నీ ఒకటి ఇవ్వాలి. ఇస్తానని నేనే అన్నాను, ఎవరూ అడక్కముందే, అందరి ముందూ, ఛాతీ విరుచుకుని. బావ రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది. డయాలసిస్ మొదలుపెట్టే లోపే కొత్త కిడ్నీ పడితే అక్కకి చాలా మేలని పెద్ద డాక్టరు అన్నాడు. అప్పుడు అక్క నా వైపు చూసిన చూపుకి నేను ఇంకో రెండు కిడ్నీలు కూడా ఇచ్చేద్దును, ఉంటే.

ఇవాళ పరీక్షల ఫలితాలొచ్చాయి. కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయట. కానీ షుగరు గట్టు మీద ఉందట, బీపీ గట్టు మీద ఉందట, పొట్ట మాత్రం గట్టు దాటేసిందట. మూత్రంలో సన్నటి పలుకులు కనిపించాయట, ముందు ముందు రాళ్ళు కావచ్చట. మూడు నెలలు టైమిచ్చారు. ఇవన్నీ దిగితే తీసుకుంటాం, దిగకపోతే తీసుకోం అన్నారు. ఊరికే ఇస్తానన్నవాడికి ఎన్ని వంకలో! సంతలో దోసకాయల్లా నొక్కి నొక్కి చూస్తున్నారు నన్ను.

జూన్ 5

తిండి సంగతులు చెప్పే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. సన్నగా, పొడుగ్గా ఉంది. నారింజ రంగు స్వెట్టరు వేసుకుంది. క్యారెట్ మేడం అని పేరు పెట్టాను, మనసులోనే.

"రోజూ ఏం తింటారు?" అంది.

"పెద్దగా ఏం తినను మేడం."

మా ఆవిడ పక్కనే ఉంది. సిటీ బస్సు నడుపుతుంది తను. డ్రైవరు సీట్లో కూర్చుంటే ఎవరి మాటా వినదు, బయట కూడా అంతే. "నేను చెప్తాను రాసుకోండి" అని మొదలుపెట్టింది. పొద్దున్నే గుడ్లు, చీజ్ పెట్టిన రొట్టె. మధ్యాహ్నం కోడి. సాయంత్రం ఇంకో చీజ్ రొట్టె. రాత్రి మళ్ళీ ఏదో ఒక మాంసం.

"మరి కూరగాయలు?"

"వాటితో ఈయనకి మాటల్లేవండీ" అంది.

అప్పుడు క్యారెట్ మేడం ఆమ్ల భారం అని ఒక సంగతి చెప్పింది. మనం తిన్నది ఒంట్లో అరిగి ఖర్చయ్యాక కొంత ఆమ్లం మిగులుతుందట. మాంసం, గుడ్లు, చీజ్ ఎక్కువ మిగులుస్తాయి. పళ్ళూ కూరగాయలూ దానికి విరుగుడు. రక్తం మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండి తీరాలి కాబట్టి, ఆ ఆమ్లాన్ని బయటికి మోసే చాకిరీ కిడ్నీల మీద పడుతుంది. ఏళ్ళ తరబడి అలా మోయిస్తే షుగరూ బీపీ పెరగడానికీ, రాళ్ళు పడటానికీ, కిడ్నీలు నీరసించడానికీ దారి పడుతుందని చాలామంది గమనించారట.

"మీ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇచ్చేశాక మీకు ఉండే కిడ్నీ ఒక్కటే. రెండింటి పనీ అదే చెయ్యాలి" అంది.

ఆ మాటకి నడుం దగ్గర చల్లగా అనిపించింది. ఆ గదిలో ఏసీ ఎక్కువ పెట్టారు.

నేనూ తెలివితక్కువవాణ్ణి కాదని తెలియాలి కదా! "అయితే నిమ్మకాయ మానేస్తాను మేడం, పులుపు కదా" అన్నాను. నవ్వింది. నాలుకకి పుల్లగా ఉండటం వేరు, కిడ్నీకి ఆమ్లం కావడం వేరట. నిమ్మకాయ ఒంట్లో కరిగాక విరుగుడు పక్షంలోనే చేరుతుందట. నోట్లో వెన్నలా కరిగే చీజేమో కిడ్నీ నెత్తిన బండరాయట. నలభై నాలుగేళ్ళుగా నా నాలుక నాకు చాడీలు చెప్తోందన్నమాట.

జూన్ 6

అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో కుట్టు మిషను, చుట్టూ ఎవరిదో హోటల్ కర్టెన్ల గుట్ట. అక్క కాళ్ళు కొంచెం వాచాయి. చెప్పుల వార్లు వదులు చేసుకుంది.

క్యారెట్ మేడం నాకు రాసిచ్చిన చీటీ చూపించాను. బంగాళాదుంపలు, అరటిపళ్ళు, పాలకూర, టమాటాలు, ఎండుద్రాక్ష. అక్క లోపలికెళ్ళి తనకిచ్చిన చీటీ తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టాం. అవే బంగాళాదుంపలు, అవే అరటిపళ్ళు. నాది 'తినవలసినవి', అక్కది 'తినకూడనివి'. వాటిలో పొటాషియం ఉంటుంది, అక్క కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండెకి ప్రమాదం.

అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత బావ కోసం కొన్న అరటిపండు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "నా ఎదురుగా కూర్చుని తినరా" అంది.

"నీ ముందు ఎలా తినను?"

"నువ్వు నమిలితే చూడాలని ఉంది. మెల్లిగా తిను. గుటుక్కున మింగావంటే ఊరుకోను."

తిన్నాను. అక్క తొక్క వాసన చూసి చెత్తబుట్టలో వేసింది. అరటిపండు తినడం ఇంత కష్టమని నాకు తెలీదు.

జూన్ 9

గుడ్లు మానేశాను. పూర్తిగా.

జూన్ 10

పిల్లలకి ఈత నేర్పే మాస్టారు ఉన్నాడు మా పూల్‌లో. నోట్లోంచి ఈల తియ్యడు కాబట్టి పేరు కూడా ఈలే. బాక్సు నిండా ఉడకబెట్టిన గుడ్లు తెచ్చుకుంటాడు. "తినవోయ్, నీరసంగా కనిపిస్తున్నావు" అని బలవంతం చేశాడు. రెండు. బలవంతం మీద తిన్నవి కాబట్టి లెక్కలోకి రావు.

జూన్ 16

ఒక ఐడియా వచ్చింది.

పొద్దున్నే నా మొదటి పని నీళ్ళు పరీక్షించడం. కాగితం పట్టీ ముంచుతాను. నారింజ ఎరుపుకి తిరిగితే సరిగ్గా ఉన్నట్టు. పసుపు పచ్చగా ఉంటే నీళ్ళు పుల్లబడ్డట్టు. పుల్లబడ్డ నీళ్ళు చూడ్డానికి తళతళలాడుతూనే ఉంటాయి, కానీ లోపల హీటరు రాగి గొట్టాల్ని కొరుక్కుతింటాయి. అప్పుడు సోడా పొడి కలుపుతాను. సాయంత్రానికి అంతా సర్దుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని.

మరి ఒంట్లో ఆమ్లం సంగతి తేల్చడానికి నెలల తరబడి ఎదురుచూడ్డం దేనికి? పట్టీలు నా దగ్గర డబ్బాలకి డబ్బాలున్నాయి. ఒకటి బాత్రూంలోకి తీసుకెళ్ళాను.

పసుపు. పచ్చి పసుపు. నా గొట్టాలు ఏమైపోతున్నాయో!

జూన్ 18

అక్కకి పెద్ద డాక్టరు రాసిన మాత్రలు ఏమిటో ఇవాళ అడిగాను. సోడా మాత్రలట. రక్తంలో ఆమ్లం ఎక్కువైంది, దానికి.

అంటే డాక్టర్లు చేసేదీ నేను చేసేదీ ఒకటే పని. వాళ్ళు కోట్లు వేసుకుంటారు, నేను నిక్కరు వేసుకుంటాను.

మా ఆవిడ కేకులో వేసే వంటసోడా డబ్బా వంటింట్లో ఉంది. ఒక చెంచా, గ్లాసు నీళ్ళు.

జూన్ 20

ఎరుపు! అద్దంలో చూసుకుని నాకు నేనే సెల్యూట్ కొట్టుకున్నాను.

పట్టీ ఎరుపు తిరిగాక ఒక చీజ్ ముక్క తింటే తప్పేముంది? రెండు చెంచాలు వేస్తే రెండు ముక్కలు. లెక్క లెక్కే.

జూన్ 27

ఎరుపు. చీజ్ రొట్టె. కోడి. బంగాళాదుంపలు కూడా తిన్నాను, మా ఆవిడ ఎదురుగా, రుచిని మెచ్చుకుంటున్నట్టు నవ్వుతూ.

జూలై 2

"కేకు పొంగలేదు. సోడా డబ్బా కొన్నది మొన్ననే కదా, ఏమైపోయింది?" అంది మా ఆవిడ.

నాకు ఏనుగులు ఘీంకరించినట్టు త్రేన్పులొస్తున్నాయి. ఆ శబ్దంలో నా జవాబు వినిపించలేదు.

జూలై 14

మధ్యలో ఒకసారి చూస్తామని హాస్పిటల్‌కి రమ్మన్నారు.

షుగరు కదల్లేదు. బీపీ గట్టు దిగకపోగా అవతలకి దూకింది. నర్సు మూడుసార్లు కొలిచింది, రెండు చేతులకీ. "ఇలా అయితే కష్టమండీ" అంది. ఎంతో బాధపడిపోయాను.

అదే రోజు అక్క రక్తం కూడా చూశారు. కిడ్నీ పని ఇంకొంచెం పడిపోయింది. ఇదే వరస అయితే డయాలసిస్‌కి చేతిలో రక్తనాళం సిద్ధం చేసే చిన్న ఆపరేషన్ చేసి ఉంచాలన్నారు. మిషను తొక్కేప్పుడు గుడ్డ పట్టుకునే ఎడమ చెయ్యి అక్కది. ఆ చేతినే తిప్పి తిప్పి చూసుకుంది.

బీపీ దూకిందని విన్నప్పుడు లోపల ఒక్క క్షణం ఏదో తేలిక పడ్డట్టయింది. గ్యాస్ వదిలి ఉంటుంది.

జూలై 15

దొరికిపోయాను.

అక్క ఇంట్లో కూర్చుని ఉండగా త్రేన్పు వచ్చింది. ఒకటి కాదు, వరసగా. అక్క మిషను ఆపి నా మొహంలోకి చూసింది. "ఈ వాసన్లేని త్రేన్పులు నాకు తెలుసు. నేనూ సోడా మాత్రలేగా మింగేది. ఏం తాగుతున్నావురా?"

అక్క దగ్గర నా అబద్ధాలు చిన్నప్పట్నుంచీ నిలవవు. పట్టీల సంగతి, చెంచాల సంగతి అంతా చెప్పేశాను. అక్క కర్టెన్ల గుట్ట మీద పడి నవ్వింది. "నీకు నువ్వే ట్రీట్‌మెంట్ చేసుకున్నావా, పూల్ అనుకుని! క్లోరిన్ కూడా వేసుకోకపోయావా!" కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వి, "ముందు ఆ మేడంకి ఫోన్ చెయ్యి" అంది.

చేశాను. క్యారెట్ మేడం రోజుకి ఎన్ని చెంచాలో అడిగింది. తర్వాత దులిపేసింది. సోడాలో ఉప్పులో ఉన్న సోడియమే ఉంటుంది, అది ఒంట్లో నీళ్ళు పట్టి ఉంచుతుంది, నా చీజుల ఉప్పు దానికి తోడు, ఇక బీపీ దూకక ఏం చేస్తుంది? మూత్రంలో పట్టీ పసుపు తిరగడం జబ్బేమీ కాదు, కిడ్నీ తన పని తను చేస్తోందని దానర్థం. పట్టీ రంగు మారితే తిండి మారినట్టు కాదు. అక్క మాత్రలు రక్తం చూసి, కొలిచి, డాక్టరు ఇస్తున్నవి.

"మీరు నీళ్ళు బాగుచేసేవారు కదా. ఎవరైనా పూల్‌లో రోజూ చెత్త పోస్తుంటే, రోజూ మందు కలుపుతూ కూర్చుంటారా, పోసేవాణ్ణి ఆపుతారా?" అంది.

"పోసేవాణ్ణి ఆపుతాను."

"పోసేది మీరే."

జూలై 16

మా ఆవిడ సోడా డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. కోప్పడలేదు. అదే భయంగా ఉంది. పొద్దున డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగింది. "నిజం చెప్పు. నీకు ఇవ్వాలని ఉందా, తప్పించుకోవాలని ఉందా?"

ఏం మాటలవి! బస్సులు నడిపేవాళ్ళకి సున్నితం తెలీదు.

జూలై 17

భయమేం లేదు నాకు.

జూలై 25

బంగాళాదుంప ఉడకబెట్టి, ఉప్పు లేకుండా, నిమ్మకాయ పిండుకుని తిన్నాను. మొదటి ముద్దకి కన్నీళ్ళొచ్చాయి. నాలుగో ముద్దకి అలవాటైంది. కోడి వారానికి రెండుసార్లు, అరచెయ్యంత ముక్క. మా ఆవిడ తన అరచెయ్యి కొలత పెట్టింది, నాది కాదు.

పూల్ మూశాక చుట్టూ నడుస్తున్నాను. ఈల మాస్టారు గట్టు మీద నిలబడి ఈల వేసి తరుముతున్నాడు.

ఆగస్టు 4

ఈరోజు టిఫిన్ బాక్సులో చీజ్ రొట్టె ఉంది. మా ఆవిడ పెట్టలేదు. దారిలో కొట్టు దగ్గర ఆగి నేనే కొని, నేనే పెట్టుకున్నాను. ఆకలి కూడా లేదు. వచ్చే నెల పరీక్ష ఉందని పొద్దున హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది, అది పెట్టేశాక కొట్టు దగ్గర ఆగాను.

చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఈల మాస్టారుకి ఇచ్చేశాను. రెండు గుటకల్లో లాగించేశాడు, దుర్మార్గుడు.

ఆగస్టు 11

ప్యాంటు జారుతోంది. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కొట్టాను. ఎండుద్రాక్ష కూడా నమిలితే కమ్మగానే ఉంటుంది. నలభై నాలుగేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు.

ఆగస్టు 19

అక్క మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఏది తిన్నా నోట్లో ఇనుము రుచి అంటోంది. రెండు మెట్లెక్కి ఆయాసపడుతోంది. హోటల్ వాళ్ళ కర్టెన్లు సగం కుట్టి వెనక్కిచ్చేసింది. అక్క పని సగంలో వెనక్కివ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకొంచెం ఓపిక పట్టక్కా" అన్నాను.

"నువ్వు సన్నబడ్డావురా, మెడ కనిపిస్తోంది" అంది. "నీకు మెడ ఉందని బావతో పందెం కాస్తే నమ్మలేదు."

ఇంటికొచ్చి పాలకూర తిన్నాను. ఎవరూ చెప్పకుండా.

సెప్టెంబర్ 4

షుగరు దిగింది. బీపీ దిగింది. ఒక రోజంతా బీపీ కొలిచే మిషను నడుముకి తగిలించుకుని తిరిగాను, ప్రతి లెక్కా గట్టుకి ఇవతలే. పలుకులు లేవు. క్యారెట్ మేడం లేచి నిలబడి చెయ్యి కలిపింది.

"ఇదంతా తిండి ఒక్కదాని మహిమే అనుకోకండి. నడిచారు, ఉప్పు తగ్గించారు, బరువు దిగారు. అన్నీ కలిసి చేశాయి. కానీ మానకండి, ముఖ్యంగా ఇప్పుడు" అంది.

"ముఖ్యంగా ఇప్పుడు" అన్న చోట నవ్వుతూనే ఉన్నాను. ఇంటికొచ్చాక రిపోర్టు రెండుసార్లు తిరగేశాను. ఇక సాకులేం మిగల్లేదు.

సాకులు అని ఎందుకు రాశానో!

సెప్టెంబర్ 8

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

చివరగా ఒక పెద్దమనిషితో మాట్లాడాలన్నారు. అక్కనీ బావనీ బయట కూర్చోబెట్టి నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. చిన్న గది, రెండు కుర్చీలు. ఆయన తలుపు వేసి, "నేను మీ అక్కయ్య వైద్యం చూసే టీంలో లేను. మీ తరఫు మనిషిని" అన్నాడు.

ఎవరైనా బలవంతం చేశారా, డబ్బు ఆశ చూపించారా అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు గొంతు తగ్గించి అన్నాడు. "మీకు ఏ కారణం చేతైనా ఇష్టం లేకపోతే నాతో చెప్పండి. 'వైద్యపరంగా కుదరలేదు' అని మేమే బయటికి చెప్తాం. అంతకు మించి ఒక్క మాట చెప్పం. మీ అక్కయ్యకి కూడా. ఇది ఇచ్చేవాళ్ళందరికీ మేం చెప్పే మాటే. ఆపరేషన్ గదిలోకి వెళ్ళేదాకా మీకు ఈ దారి తెరిచే ఉంటుంది."

మూడు నెలలుగా నేను చీజులు తిని, సోడాలు తాగి, కొట్ల దగ్గర ఆగి సంపాదించాలని చూసింది ఇదే. నేను ఇవ్వనని అనక్కర్లేదు, నా ఒళ్ళు పనికిరాదని ఇంకెవరో అనాలి. అక్క నన్ను పట్టుకుని అయ్యో పాపం అనాలి. దాని కోసం ఇన్ని తిప్పలు పడితే, ఈయన అప్పనంగా చేతిలో పెడుతున్నాడు.

"భయంగా ఉందండీ" అన్నాను. మొదటిసారి పైకి అన్నాను. అన్నాక ఆగలేదు. కత్తికి భయం, మత్తు నుంచి లేవనేమోనని భయం, మిగిలిన ఒక్కటీ రేపు పాడైతే ఎవరిస్తారని భయం. ఇస్తానని అందరి ముందూ అన్న రోజు రాత్రి నుంచీ భయంగానే ఉంది, ఈ డైరీకి కూడా అబద్ధమే చెప్పాను. ముక్కు కారింది. ఆయన కాగితం రుమాలు ఇచ్చాడు.

"మీరు భయపడకపోతే నేను అనుమానించేవాణ్ణి" అన్నాడు. "కానీ భయపడటం, ఇష్టం లేకపోవడం ఒకటి కాదు. మీది ఏది?"

తొందరేం పెట్టలేదు ఆయన. గోడ మీద గడియారం లేదు, మంచిదైంది. అక్క లేకుండా ఉండే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోయాను, ఊహ రాలేదు. అక్క వారానికి మూడు రోజులు డయాలసిస్ మిషనుకి కట్టేసినట్టు పడుకోవడం ఊహించాను, అది సులువుగా వచ్చింది. అరటిపండు తొక్క పట్టుకుని వాసన చూడటం ఊహించాను.

"భయమే. ఇష్టం ఉంది" అన్నాను. "రాసుకోండి, ఇస్తున్నాను. భయం పోయేదాకా ఆగమంటే మాత్రం మా అక్క ఆగలేదు."

సంతకం పెట్టి బయటికొచ్చాను. బావ కారు తేవడానికి వెళ్ళాడట. అక్క ఒక్కతే బెంచీ మీద, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏమన్నారు?" అంది, ఏదో సినిమా టిక్కెట్లు దొరికాయా అన్నట్టు.

"కుదిరిందక్కా."

"నిజంగానా?"

"ఏం, సంతకం చూపించమంటావా?"

అక్క కాసేపు బ్యాగు జిప్పు వేస్తూ తీస్తూ కూర్చుంది. "ఆ తలుపు వెనక ఏం చెప్తారో నాకు తెలుసురా" అంది. "ఇచ్చేవాళ్ళకి అలాంటి దారి ఒకటి ఉంచుతామని మొదట్లోనే చెప్పారు నాకు. నువ్వు బయటికొచ్చి కుదరలేదంటే నమ్మేద్దామనుకున్నా. ఇంకేం అడక్కూడదనుకున్నా. 'అయ్యో, పర్లేదురా, ముందు నీ బీపీ జాగ్రత్త' అనాలని మాట కూడా సిద్ధం చేసుకున్నా. అద్దం ముందు మొహం ప్రాక్టీసు చేశాను, వారం నుంచీ."

"ఏదీ, ఆ మొహం చూపించు" అన్నాను.

చూపించబోయింది. పెదాలు సర్దుకుంది, కనుబొమలు పైకెత్తింది. రాలేదు. రెండోసారి ప్రయత్నించింది, అదీ రాలేదు. బ్యాగులో మొహం దాచుకుని ఏడ్చింది.

నేనూ పక్కనే కూర్చున్నాను. బావ వచ్చి ఇద్దర్నీ చూసి, కుదరలేదేమో అనుకుని, అక్క సిద్ధం చేసుకున్న మాటే నాతో అన్నాడు.